పలివెలలో దిగిపోయిన ఆవిడ అడిగిన పేరు

అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. కాసేపు నా కండువా వంక చూసి, నోటు పుస్తకం తెరిచింది.

"మీది పాత కుటుంబంలా ఉందండీ. నాలుగు ప్రశ్నలు అడగొచ్చాండీ?"

మా భూములు పోయినా దావాలు పోలేదు. ఇలా పుస్తకాలు పట్టుకుని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

"మిమ్మల్నెవరు పంపేరు?" అన్నాను.

"మా మేడమ్ గారండీ. ఆన్‌లైన్‌లో ఓ విదేశీ క్రిస్టియన్ యూనివర్సిటీలో సోషల్ సైన్సెస్ చదువుతున్నానండీ, అసోసియేట్ డిగ్రీ అని రెండేళ్ల చదువండీ. ఈ వయసులో ఏంటని మా పిల్లలు ఒకటే నవ్వండీ."

నేను నవ్వలేదు. భూమి సంగతి ఎప్పుడు ఎత్తుతుందా అని కాచుకునే ఉన్నాను. అయినా మా ఏడు తరాల పేర్లూ తడుముకోకుండా చెప్పాను. అన్నీ రాసుకుంది.

"మీ ఇంట్లో పనిచేసినవాళ్ల పేర్లు ఒకటి రెండు చెబుతారాండీ?"

వాళ్ల తరఫున మా మీద కౌలు హక్కు దావా వేయడానికే ఇదంతా అనుకుని, గుర్తులేదని కసిరాను. అన్నాక తెలిసింది, అది నిజమేనని. రోజూ నన్ను భుజాన ఎక్కించుకుని కాలువ దాటించి బడికి తీసుకెళ్లిన మనిషిని మా ఇంట్లో అందరూ 'ఒరేయ్' అనే పిలిచేవారు. నేనూ అంతే.

"పర్లేదండీ," అని ఆవిడ ఆ వరస ఖాళీగా వదిలి, పలివెలలో దిగిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు, నన్ను మోసిన ఆయన వాళ్లుండే పేటకు మొదటిసారి వెళ్లి, ఇద్దరు పెద్దవాళ్లను ఆయన పేరు అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడెందుకండీ? మిమ్మల్నెవరు పంపేరు?" అన్నారు.