జంట లేని సిపాయి

దసరా బొమ్మల కొలువులకి ఈసారి సిపాయి బొమ్మలు చేద్దామనుకున్నాం. పండగలోపు ఒక్క అచ్చే తయారవుతుంది. తుపాకీవాడా, బ్యాండువాడా అని ఇవాళ తెనాలిలో మా బొమ్మల కొట్లో నేనూ మా బావమరిదీ పొద్దుటినుంచీ కొట్టుకున్నాం. చివరికి ఎదురింటి పిన్నిగారిని పిలిచి రెండు నమూనాలూ చూపించాను.

ఆవిడ తిప్పి తిప్పి చూసి, "వీడి పెళ్ళామేదిరా?" అన్నారు.

"యుద్ధానికెళ్ళేవాడికి పెళ్ళామెందుకు పిన్నీ?"

"నా కొలువులో అన్నీ జంటలే. ఒంటిగాణ్ణి మా వీధిలో ఎవరూ కొనరు."

సరే, ఒకే అచ్చులో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడదామన్నాడు మా బావమరిది. మరి సిపాయి పెళ్ళాం చేతిలో ఏం పెట్టాలి? "తుపాకీ ఆవిడకిచ్చి, అన్నం క్యారేజీ ఆయనకిద్దాం" అని ఏడిపించాను.

పిన్నిగారు నవ్వలేదు. "అదైతే నాకు రెండు" అనేసి వెళ్ళిపోయారు.

రేపు అచ్చుకి ఇచ్చే జంటలో తుపాకీ ఆయనకివ్వాలో, ఆవిడకివ్వాలో తెలీక కూర్చున్నాం. మీరైతే ఏది కొంటారు?