పువ్వులక్క టీచరైన వైనం

ఇప్పటికీ పువ్వులక్క ముందు కార్ఖానా మాట ఎత్తితే చాలు, చేతిలో ఎంత పనున్నా పక్కన పడేసి మొదలుపెడుతుంది. ఆ పొడవాటి బల్లలు, ముక్కుపుటాలు అదరగొట్టే రంగుల వాసన, మధ్యాహ్నం మిషన్లు ఆగగానే చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం, టిఫిను డబ్బాలు విప్పుకుని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం. అసలు పేరు ఒకటుండేది గానీ, గుడ్డల మీద అచ్చువేసే పూల డిజైన్లు గీసేది కాబట్టి అందరికీ పువ్వులక్కే అయిపోయింది. ఆ పనికి నియమం ఒక్కటే. తానులో ఎన్ని పువ్వులుంటే అన్నీ అచ్చం ఒకేలా ఉండాలి. ఒక్క రేకు పక్కకి వాలినా మేస్త్రీ కళ్ళెర్రజేసేవాడు. కొన్నేళ్ళకి మేస్త్రీ కంటే ఆవిడే మొండిదైంది. గుమ్మంలోంచే "ఆ మూల పువ్వు తేడాగా ఉంది" అనేది. వెళ్ళి చూస్తే ఉండేది కూడా.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. పువ్వులు వాటంతటవే పూయడం మొదలెట్టాయి. యజమాని పాపం మంచివాడే, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పంపించేశాడు.

ఇంటి దగ్గరున్న బడిలో డ్రాయింగు టీచరు పని ఉందంటే వెళ్ళి అడిగింది. ఆవిడ పెళ్ళికి ముందెప్పుడో చదివిన బొమ్మల డిగ్రీ కాగితాన్ని హెడ్మాస్టరు తిరగేసి, "బొమ్మలు మీకొచ్చమ్మా, సరే. పిల్లలకి చెప్పే చదువేదీ?" అన్నాడు. దానికి రెండు దారులున్నాయని కాలేజీలో చెప్పారు. ఒకటి, ముందు చిత్రకళలో పెద్ద డిగ్రీ చేసి, ఆ తర్వాత విడిగా టీచరు ట్రైనింగు చేయడం. రెండోది, ఆ పెద్ద డిగ్రీ, ట్రైనింగు కలిపి సాయంత్రం క్లాసుల్లో రెండేళ్ళలో ముగించేది. ఈ రెండోదాంట్లో ఒక మెలిక ఉంది. చివర్లో నిజం బడిలో, నిజం పిల్లలకి పాఠం చెప్పాలి, కాలేజీ పెద్ద మేడమ్ వెనక కూర్చుని చూస్తారు. అందులో తప్పితే డిగ్రీ కాగితం చేతికొస్తుంది గానీ టీచరుగా బడి గుమ్మం తొక్కనివ్వరు. అయినా పువ్వులక్క రెండోదే ఎంచుకుంది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. విని పకపకా నవ్వాడు. "బొమ్మలెయ్యడం వచ్చినదానివి, వేయించడం నేర్చుకోడానికి రెండేళ్ళా?"

నవ్వాడే గానీ, ఆ రెండేళ్ళూ సాయంత్రం వంట ఆయనే చేశాడు. ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. ఆ కూరల్ని తలచుకుంటే పువ్వులక్కకి ఇప్పుడూ నవ్వొస్తుంది, వెంటనే కళ్ళు చెమరుస్తాయి కూడా. ఆయనిప్పుడు లేడు.

సీటు కోసం ఇంటర్వ్యూకి అందరూ ఫ్రేము కట్టిన చిత్రాలు తెచ్చారు. ఈవిడ గుడ్డముక్కల మూట విప్పింది. పెద్ద మేడమ్ ఒక్కొక్కటే చూసి, "అన్నీ ఒకేలా ఉన్నాయే?" అన్నారు.

"ఒకేలా లేకపోతే తానంతా పాడైనట్టే కదండీ" అంది పువ్వులక్క గర్వంగా.

మేడమ్ ఆ ముక్కలు తిరిగి మూటకట్టి ఇచ్చారు. సీటిచ్చారు.

ఆ చదువంత హాయి ఇంకోటి లేదంటుంది. చూసి బొమ్మలు గీయడానికి పెట్టిన సున్నపు విగ్రహాల గది, తన కొడుకు వయసున్న క్లాసుమేట్లు "అక్కా" అంటూ చుట్టూ చేరడం, ఒకే టీని ముగ్గురు పంచుకోవడం. మనిషి బొమ్మ వేసే క్లాసులో వంతులవారీగా ఒకరు కదలకుండా కూర్చునేవారు, మిగతావాళ్ళు వేసేవారు. పువ్వులక్క వంతు వస్తే అందరికీ పండగే. కాసేపటికే ముక్కు దురద పుట్టి చచ్చేది.

అసలు చిక్కు, చివర్లో పాఠాలు చెప్పడానికి పంపిన బడిలో మొదలైంది. మొదటివారం "మీ ఇంట్లో ఎవరినైనా వెయ్యండి" అని చెప్పి, బెంచీల మధ్య తిరుగుతోంది. రెండు జడల పిల్ల ఒకతి తాతని వేసింది. తాత తల ఇంటి కప్పు పగలగొట్టుకుని మేఘాల దాకా పోయింది. పువ్వులక్క చెయ్యి ఊరుకుంటుందా? "ఇలా కాదు తల్లీ" అంటూ రబ్బరందుకుని చెరిపేసి, గుమ్మంలో నిలబడ్డ చక్కని ముసలాయన్ని వేసిచ్చింది. గంట కొట్టాక పిల్లలంతా ఎవరి బొమ్మ వాళ్ళు పట్టుకుపోయారు. ఆ కాగితం ఒక్కటీ బెంచీ మీదే ఉండిపోయింది.

"మర్చిపోయావమ్మా" అని వెనకాల పరుగెత్తింది.

"అది మా తాత కాదు టీచర్" అని చెప్పి ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల పెన్సిలు ముట్టలేదు. కొత్త రంగులిస్తే పక్కపిల్లకిచ్చేసేది. బుజ్జగిస్తే "నాకు రాదు టీచర్" అనేది. సంగతి పెద్ద మేడమ్ చెవిన పడింది. "చివరి పాఠం ఆ క్లాసులోనే. మిగతావాళ్ళ బొమ్మలు నాకక్కర్లేదు. ఆ అమ్మాయి కాగితం ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను" అన్నారు.  పువ్వులక్క రెండేళ్ళ చదువు ఒక చిన్నపిల్ల చేతిలో పడింది.

ఇంటికొచ్చి మొగుడి ముందు గోడు వెళ్ళబోసుకుంది. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, "నేను బస్సు నడుపుతుంటే పక్కనుంచి నువ్వు స్టీరింగు లాక్కున్నావనుకో, మళ్ళీ నేను ఆ సీట్లో కూర్చుంటానా?" అన్నాడు.

"మరేం చెయ్యమంటావు?"

"చేతులు కట్టుకుని కూర్చో."

చివరి పాఠం రోజు పువ్వులక్క క్లాసు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "ఇవాళ నన్ను వెయ్యండి. నేను కదలను, మెదలను, ఎవరి కాగితమూ చూడను" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. వెనక బెంచీలో మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు.

కాలేజీలో ఎన్నిసార్లు కూర్చున్నా, కదలకుండా కూర్చోవడం అసలెంత నరకమో ఆరోజే తెలిసింది. పక్కనే ఒకడు ఆవిడ మెడ జిరాఫీ మెడలా సాగదీస్తున్నాడు. ఓరకంటికి కనబడుతూనే ఉంది. చేతులు ఒకటే దురద. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. రెండు జడల పిల్ల కాగితం ఖాళీ. చాలాసేపు టీచర్నే చూస్తూ కూర్చుంది. గంట కొట్టే వేళ దగ్గరపడుతుండగా పెన్సిలు తీసి, నాలుక బయటపెట్టి గీయడం మొదలెట్టింది.

గంట కొట్టగానే మేడమ్ తిన్నగా ఆ బెంచీ దగ్గరికొచ్చారు. కాగితంలో పువ్వులక్క ముఖం గోళీకాయంత ఉంది. చేతులు మాత్రం కాగితం నిండా, ఒక్కో వేలూ అరటిపండంత.

"చేతులెందుకింత పెద్దవి?"

"టీచర్‌కి వాటిని పట్టుకోవడం చాలా కష్టమైంది మేడమ్" అంది ఆ పిల్ల.

మేడమ్ బెంచీ మీదున్న రబ్బరందుకున్నారు. "అయినా మరీ పెద్దవి. కొంచెం చెరిపి సరిచేద్దామా?"

"ముట్టుకోకండి!"

క్లాసంతా బిక్కచచ్చిపోయింది. అరిచింది ఆ పిల్ల కాదు, పువ్వులక్క. ఎప్పుడు కుర్చీలోంచి లేచిందో, ఎప్పుడు వచ్చి ఆ కాగితానికి అడ్డంగా నిలబడిందో ఆవిడకే తెలియదు. పెద్ద మేడమ్ మీద కేకలేశాను, అంతా అయిపోయింది అనుకుంది.  అయినా పక్కకి జరగలేదు.

మేడమ్ రబ్బరు కింద పెట్టి, సంతకానికి పెన్ను మూత తీశారు.