రాని ఫారాలు

వెల్లింగ్టన్‌లో నేను చేసిన మొదటి ఉద్యోగం, మందుల నిల్వలు చూపించే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం. ఆ మందులు న్యూజిలాండ్‌వి కావు. ఆఫ్రికాలో, సముద్రతీరం లేని ఒక చిన్న దేశానివి. అక్కడి పల్లె క్లినిక్కుల్లో ఏ మందు ఎంత మిగిలిందో జిల్లా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలిస్తే, మందుల లారీ ఎటు పంపాలో వాళ్లు నిర్ణయించుకుంటారు. ఎవరో విదేశీ దాతలు ఖర్చు పెట్టుకున్నారు. పని మాత్రం హార్బర్ పక్కన రెండో అంతస్తులో ఉన్న మా ఏడుగురి ఆఫీసుకు వచ్చింది.

అది 2006. అనంతపురం నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. మావారికి ఇంకా చదువుకు తగ్గ పని దొరకలేదు, సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దుతున్నారు. నాకు ఆరో నెల. కొండవాలు మీద, డెబ్బై మెట్లెక్కితే వచ్చే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి.

ప్రోగ్రాంలో నా వంతు మ్యాపు. నెలాఖరున ప్రతి క్లినిక్కులోని నర్సు ఒక కాగితం ఫారం నింపి పంపిస్తుంది. జిల్లా ఆఫీసులో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. మందులు సరిపడా ఉంటే మ్యాపు మీద ఆ క్లినిక్కు ఆకుపచ్చగా, అయిపోతే ఎర్రగా కనిపిస్తుంది. ఫారం రాని క్లినిక్కుకు నేను బూడిద రంగు పెట్టాను.

మొదటిసారి నిజమైన ఫారాలతో తెర మీద చూస్తే సగానికి సగం బూడిద రంగే. మా మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. మంచి మనిషే. నేను మెట్లెక్కి ఆయాసపడుతూ వస్తే తనే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చేవాడు.

"ఇది దాతలకు చూపిస్తే అసలు పనే జరగలేదనుకుంటారు. ఫారం రాకపోతే పోయిన నెల అంకెనే ఈ నెలకూ వాడేసెయ్" అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. ఫారాలు బస్సుల్లో, సైకిళ్ల మీద వస్తాయి, నాలుగు రోజులు ఆలస్యమవుతాయి. మధ్యాహ్నం మూడు గంటలకల్లా మార్చేశాను. మ్యాపంతా ఆకుపచ్చగా, అక్కడక్కడా ఎర్రగా, చూడముచ్చటగా తయారైంది.

ప్రోగ్రాం పరీక్షించి చూడడానికి ఆ దేశం నుంచి ఒక జిల్లా ఫార్మసిస్టును ఆరు వారాల కోసం రప్పించారు. యాభై దాటిన మనిషి. పొడుగ్గా ఉండేది, కాస్త వంగి నడిచేది. పల్చటి ఊలు కోటుతో వచ్చి వెల్లింగ్టన్ గాలికి మొదటిరోజే జలుబు తెచ్చుకుంది. ఆఫీసులో ఆమెకు తోడు నేనే. మొదట్లో మేడమ్ అనేదాన్ని. మూడోరోజు నోరు జారి ఆంటీ అన్నాను. అంటే ఏమిటని అడిగింది. మా దగ్గర పెద్దవాళ్లను అలా పిలుస్తామన్నాను.

"మా దగ్గరా అంతే. ఇక్కడే, చిన్నపిల్లలు కూడా పేరు పెట్టి పిలుస్తున్నారు. నాకు ఉలిక్కిపాటుగా ఉంది" అంది.

ఒక శనివారం భోజనానికి పిలిచాను. ఇండియన్ షాపులో దొరికిన రాగిపిండితో సంగటి చేసి, పక్కన పాలకూర పప్పు పెట్టాను. ఆమె ముద్దను చూసి స్పూను పక్కన పెట్టి, చేత్తో చిన్న ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, పప్పులో అద్దుకుని తింది. అచ్చం మా అవ్వ తిన్నట్టే. వాళ్లు మొక్కజొన్న పిండితో చేసుకుంటారట. వచ్చిన ఇన్నాళ్లకు కడుపు నిండిందని మావారితో చెప్పింది.

భోజనం అవుతుండగా నా మిడ్‌వైఫ్ వచ్చింది. ఇక్కడ గర్భిణిని మొదటినుంచీ ఒకే మంత్రసాని చూసుకుంటుంది. అవసరమైతే ఇంటికే వస్తుంది. సోఫాలో పడుకోబెట్టి టేపుతో నా పొట్ట కొలిచింది, బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. ఆంటీ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఈమెకు నువ్వెంత ఇవ్వాలి?"

"ఏమీ ఇవ్వక్కర్లేదు ఆంటీ, గవర్నమెంటే ఇస్తుంది."

ఆంటీ తల ఊపింది. మిడ్‌వైఫ్ మా ఇంటి నుంచి ఎవరింట్లోనో కాన్పుకు వెళ్లాలి. అందుకని చిల్లీ బిన్ అనే చల్లటి పెట్టెలో మందులు పెట్టుకుని వచ్చింది. ఆంటీ అనుమతి అడిగి, అందులోంచి ఒక చిన్న గాజు మందు సీసా తీసి, కిటికీ వెలుతురుకు పట్టి గడువు తేదీ చదివింది. కాన్పు తర్వాత రక్తం ఆగడానికి చేసే ఇంజెక్షన్ అట.

"మా క్లినిక్కుల నుంచి ఫారం రాగానే నేను మొదట చూసేది ఈ మందు గడినే" అంది. మందును జాగ్రత్తగా తిరిగి మంచులో పెట్టింది.

సోమవారం ఆఫీసులో ఆమెకు తన జిల్లా మ్యాపు తెరిచి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, ఒక్కో క్లినిక్కు మీద వేలు పెడుతూ చూసింది. ఒకచోట వేలు ఆగింది.

"ఈ క్లినిక్కు మూసేసి మూడు నెలలైంది. నర్సు జబ్బుపడి తలుపు తాళం వేసి వెళ్లిపోయింది. ఇది ఆకుపచ్చగా ఎందుకుంది?"

ఫారం ఎన్ని నెలలు రాకపోయినా చివరిగా వచ్చిన అంకే వాడతామని వివరించాను. ఆమె కళ్లజోడు తీసేసింది.

"అమ్మాయీ, ఫారం రాలేదంటే అక్కడేదో జరిగిందని. నర్సు పడిపోయిందో, వంతెన కొట్టుకుపోయిందో. నేను ముందు వెళ్లాల్సింది అక్కడికే. మీరు దాన్నే కనబడకుండా చేశారు."

మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. శుక్రవారం దాతల ముందు చూపించాలి, ఇప్పుడు రంగులు మారిస్తే మళ్లీ అన్నీ పరీక్షించాలి, తర్వాతి వెర్షన్‌లో చేద్దాం, రాసిపెట్టుకో అన్నాడు. రాసిపెట్టుకున్నాను. తిరిగొచ్చి ఆమెకు అదే చెప్పాను.

"తర్వాతిదంటే ఎప్పుడు?"

"రెండు నెలల్లో."

రెండు నెలలన్నది నేను అప్పటికప్పుడు కల్పించిన మాట. ఎవరూ నాతో అలా అనలేదు. ఆమె నమ్మి తన పుస్తకంలో రాసుకుంది. ఆ మార్పుకు పట్టుమని పది లైన్లు కూడా రాయక్కర్లేదు. ఎవరితోనూ చెప్పకుండా నేనే మార్చేయవచ్చు. లేదా శుక్రవారం ఆ గదిలో నిలబడి ఒక్క మాట అనవచ్చు. పర్మిట్ గుర్తొచ్చింది, రాబోయే బిడ్డ గుర్తొచ్చింది. శుక్రవారం దాతలు చప్పట్లు కొట్టారు. ఆంటీ కొట్టలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కొట్టాను.

ఆమె వెళ్లిపోయిన రెండు నెలలకు, జూలైలో, మా అమ్మాయి పుట్టింది. కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోయింది. మిడ్‌వైఫ్ తొడ మీద ఇంజెక్షన్ ఇచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చి పొట్ట గట్టిగా నొక్కారు, కాసేపటికి ఆగింది. మావారి ముఖం పాలిపోయి ఉండటం తప్ప నాకు పెద్దగా ఏమీ జ్ఞాపకం లేదు. మర్నాడు టీ, టోస్టు ఇచ్చారు.

నేను సెలవులో ఉండగానే దాతల నిధి అయిపోయింది. తర్వాతి వెర్షన్ అన్నది రానేలేదు. మావారికి మంచి ఉద్యోగం దొరికింది, నేను ఆ ఆఫీసుకు తిరిగి వెళ్లలేదు.

మరుసటి ఏప్రిల్‌లో ఆంటీ దగ్గర నుంచి ఈమెయిల్ వచ్చింది. ముందు బిడ్డ ఎలా ఉందని అడిగింది. తర్వాత, ఎక్కడా గొంతు పెంచకుండా, జరిగింది రాసింది. కొండల వైపు ఒక క్లినిక్కులో నర్సుకు బదిలీ అయింది. కొత్త నర్సు రాలేదు. ఒక సహాయకురాలు మాత్రం తలుపు తీసి కూర్చునేది, ఆమెకు ఫారం నింపడం రాదు. ఐదు నెలలు ఆ క్లినిక్కు మ్యాపు మీద ఆకుపచ్చగానే ఉంది. ఆంటీ అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉంది. ఆమె బదులు పనిచేసిన కుర్ర ఉద్యోగులు తెర చూసి, అక్కడ అన్నీ ఉన్నాయి కదా అని లారీని వేరే దారిలో పంపారు. మూడో కాన్పుకు ఒక ఆమె అక్కడికి వచ్చింది. బిడ్డ పుట్టింది. రక్తం ఆగలేదు. ఇంజెక్షన్ల డబ్బా ఖాళీ. సైకిల్ వెనక కూర్చోబెట్టి, అటూ ఇటూ పట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరారు. దారిలోనే పోయింది.

"నువ్వు మారుస్తానన్నావు కనుక రాస్తున్నాను. ఇంకా మారలేదు" అని ముగించింది.

మావారు ఆఫీసు నుంచి వచ్చాక చదివి వినిపించాను.

"నువ్వొక్కదానివే చేసినావా ఏంది? మీ మేనేజర్ చెప్పినాడు, నువ్వు చేసినావు. అక్కడ నర్సు లేకపోతే, రోడ్డు లేకపోతే నువ్వేం చేస్తావు చెప్పు? నీ తప్పేముండాది ఇందులో?"

"రెండు నెలల్లో చేస్తామని నేను చెప్పాను. మేనేజర్ కాదు" అన్నాను.

ఆయన పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లారు.

మర్నాడు మేనేజర్‌కు ఫోన్ చేశాను. మనిషి చనిపోవడానికి ఎన్నో కారణాలుంటాయని, ప్రోగ్రాం ఎప్పుడో వాళ్లకు అప్పగించేశామని అన్నాడు. అయినా సాయంత్రానికి పాత కోడ్ పంపించాడు, అది కాదనను. పాప మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు కూర్చుని మార్చాను. ఫారం రాని క్లినిక్కు నల్లగా, మిగతా వాటికన్నా పెద్దగా కనబడేట్టు చేశాను. పాప లేచేలోగా పని అయిపోయింది. అంత చిన్న పని అది.

పంపిన మూడు వారాలకు ఆంటీయే ఫోన్ చేసింది. లైన్‌లో గరగరమని చప్పుడు. మార్చిన ప్రోగ్రాం ఎక్కించాలంటే రాజధాని నుంచి మనిషి రావాలట, ఆ మనిషి ఉద్యోగం నిధితోపాటే పోయిందట.

"అయితే ఇప్పుడెలా ఆంటీ?"

"కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాను. క్లినిక్కుల పేర్లు గోడ మీద రాయించాను. ఫారం వస్తే గీత పెడతాం. గీత లేనిచోటికి నేను వెళ్తాను, బండి దొరికితే."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే వెళ్లను."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "నా మీద కోపంగా ఉందా?"

"ఉండేది. చనిపోయినామె ఇంటికి వెళ్లొచ్చిన రోజు చాలా ఉండేది. ఆమె తల్లి నన్ను అడిగింది, మందు ఉందని మీ లెక్కల్లో ఉందటగా, ఎక్కడ పెట్టారు అని. ఏం చెప్పను? తప్పు రాసుకున్నామని చెప్పాను. 'మేము' అనే చెప్పాను. నీ గురించి ఆమెకెలా చెప్పేది, నువ్వెక్కడున్నావో ఆమెకెలా అర్థమవుతుంది?"

"బిడ్డ?"

"అమ్మమ్మ దగ్గరుంది. మేకపాలు పడుతున్నారు. బక్కగా ఉంది."

డబ్బు పంపుతానన్నాను. ఆ ఇంటికి పంపించే దారి ఏదో చెప్పింది, పంపాను. అది దేనికి సమాధానమని నాకు అప్పుడూ అనిపించలేదు.

ఆ తర్వాత ఆక్లాండ్‌కు మారాం. ఇంకెన్నో ఆఫీసుల్లో పనిచేశాను. ఇంటర్వ్యూల్లో ఇంతకుముందు ఏమేం చేశావని అడుగుతారు. ఆ మ్యాపు సంగతి చెప్పను. ఆఫ్రికాలో ఆసుపత్రుల కోసం పనిచేశావటగా అని మొదట్లో ఇక్కడి తెలుగువాళ్లలో పెద్దవాళ్లెవరో మెచ్చుకోలుగా అనేవారు. మాట మార్చేసేదాన్ని.

ఆంటీ ఏడాదికి ఒకటి రెండుసార్లు రాసేది. రెండో కంటికీ చూపు తగ్గుతోందని, గోడమీద పేర్లు ఇంకా పెద్దగా రాయించానని ఒకసారి రాసింది. 2009లో రిటైరయ్యానని, తన కుర్చీలోకి ఇంకా ఎవరినీ వేయలేదని రాసింది. నేను జవాబు రాశాను. మళ్లీ రాశాను. తర్వాత ఆ అడ్రసుకు మెయిళ్లు వెళ్లడం మానేశాయి. ఆ జిల్లాలో ఏ క్లినిక్కు నుంచి ఫారం రాలేదో ఇప్పుడు ఎవరు చూస్తున్నారో, అసలు ఎవరైనా చూస్తున్నారో లేదో, నాకు తెలియదు.