పెదనాన్న విరుగుడు టీ

నందిగామలో బస్సు ఎక్కబోతుండగా ఫోను వచ్చింది. జగ్గయ్యపేటలో మా పెదనాన్న పోయారు. మధ్యాహ్నం కొట్లో కుర్చీలో కునుకు తీస్తూ అలాగే వెళ్ళిపోయారట. చెప్పింది పక్క కొట్టాయన. నాకు కాస్త ఊరటగా ఉంటుందనుకున్నారేమో, "అంతకుముందే టీ కూడా తాగారమ్మా" అన్నారు. ఆ మాటకే నాకు భయం పట్టుకుంది.

పెదనాన్నది మూలికల కొట్టు. కరక్కాయ, అతిమధురం, పిప్పళ్ళు, శొంఠి ఏదైనా సరే, కొత్త బస్తా విప్పితే ముందు ఓ ముక్క తాను నమలకుండా ఎవరికీ తూచేవారు కాదు. అదీ కొనేవాళ్ళ ఎదురుగానే. "నేను నోట్లో పెట్టుకోంది నీకెట్టా ఇస్తానమ్మా?" అనేవారు. పల్లెల వాళ్ళు గట్ల మీద దొరికిన ఏదో వేరు తెచ్చి ఇదేమిటండీ అంటే అదీ కొరికేవారు. కొరికిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న బండి నుంచి ఒక టీ రావాలి. మిగతా వేళల్లో టీ ముట్టరు, మజ్జిగ మనిషి.

ఈ అలవాటు ఆయనకి చైనా నుంచి వచ్చింది. పొట్లం కట్టబోతూ ఓ పాత పత్రిక కాగితంలో షెన్నాంగ్ అనే రాజు కథ చదివారు. ఏది మందో, ఏది విషమో జనానికి చెప్పడం కోసం ఆ రాజు కనిపించిన ఆకునల్లా తానే నమిలాడట. విషం తగిలితే టీ ఆకు విరుగుడైందట. నిట్టనిలువు కొండల మీది మూలికల కోసం చెట్లు కట్టి నిచ్చెన చేశాడట. ఆ కొండల్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారట. "చూశావా, వాళ్ళు కొండకి వైద్యుడి పేరు పెట్టుకున్నారు. మనం కొండనే బస్తాలకెత్తి అమ్ముకుంటన్నాం" అని సిమెంటు లారీలు పోతుంటే నవ్వేవారు.

ఆ కాగితం చివర చిరిగిపోయింది. రాజు ఎలా పోయాడో పెదనాన్నకి తెలియదు. ఒకసారి నేను ఫోన్లో వెతికాను. ఏదో ఆకు నమిలి, విరుగుడు అందేలోపే పేగులు తెగి చనిపోయాడట. పెద్దమ్మకి చెబితే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయనకి చెప్పబాకమ్మా. చెప్పినా మానడు. నా భయమేదో నా దగ్గరే ఉండనీ."

నేను వెళ్ళేసరికి డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పి వెళ్ళారు. పెద్దమ్మ చెవికి అది ఎక్కలేదు. ఖాళీ టీ గ్లాసు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా అడుగుతోంది. "ఏం కొరికాడు? ఏమీ కొరక్కపోతే టీ ఎందుకు తాగాడు?" నేనూ బల్ల కింద కొరికిన వేరు కోసం వెతుకుతున్నాను.

అప్పుడు టీ బండి సాయిబు గారు ముందుకొచ్చారు. "నేనూ అడిగానమ్మా, ఏం రుచి చూశారండీ అని. ఏం లేదయ్యా, ఊరికే తాగబుద్దేసింది, అల్లం కాస్త ఎక్కువెయ్యి అన్నారు. బాగుందని కూడా అన్నారు."

"ఊరికేనా?" అంది పెద్దమ్మ. నా వైపు తిరిగి, "ఊరికే తాగాడంటమ్మా!" అని అప్పుడు ఏడ్చింది, హాయిగా ఏడ్చింది. పెదనాన్న లేరన్న బాధ నాకూ ఉంది. కానీ పెద్దమ్మ కాపురమంతా భయపడిన చావు ఆయనకి రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె తేలికపడుతుంది.

పెద్దకర్మ అయ్యాక కొట్టు తెరిచాం. పెనుగంచిప్రోలు నుంచి పాత బేరం ఒకావిడ నేలవేము కోసం వచ్చింది. కొత్త కట్ట విప్పాం. తూచమని అనకుండా ఆవిడ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. పెద్దమ్మ ఒక పుల్ల విరిచి, ఆవిడ ఎదురుగానే నోట్లో వేసుకుని నమిలింది. ఆ చేదుకి మొహమంతా ముడుచుకుపోయింది.

"బానే ఉంది, తీసుకో" అంది. కొంగుతో మూతి తుడుచుకుని ఎదురు బండి వైపు కేకేసింది.

"సాయిబు గారూ, ఒక టీ!"