మైకు వదలని అత్త

మొన్న అండమాన్‌లో వండూర్ జెట్టీ దగ్గర గార్డు నడుముకున్న వాకీటాకీ బరబరమని గీపెట్టింది. మనవరాలు చెవులు మూసుకుంది, నేను మాత్రం ఓ చెవి అటు పారేశాను. అప్పట్లో ఇదే దారిలో, తుఫానులో, జీపులోని వైర్‌లెస్ సెట్టు మీద ఒక్క కేకేసి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రినంతా పరుగులు పెట్టించాననీ, ఒక తల్లినీ బిడ్డనూ కాపాడాననీ దానికి చెప్పాను. మీకు కాస్త తగ్గించి చెబుతాను.

అది తుఫాను కాదు, వాన. నేను రోడ్ల ఆఫీసులో ఓవర్సీరుని. మేం వండూర్‌లో ఉండగా వెనక కల్వర్టు కొట్టుకుపోయి జీపు ఇవతలే ఉండిపోయింది. నాకు చేపలమ్మే అత్త, శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మనిషి, తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. కూతురికి నొప్పులు మొదలై రాత్రంతా గడిచినా బిడ్డ అడ్డం తిరిగి దారిలోకే రావడం లేదట. ఆసుపత్రి బండి కల్వర్టు అవతలికి వస్తే పిల్లను వాగు దాటించి ఎక్కించవచ్చు. కానీ ఆ సంగతి వాళ్ళకు చేరాలి. ఊళ్ళో మా సెట్టు బుసకొట్టడమే తప్ప పలకదు, వెనకాల కొండెక్కితేనే పలుకుతుంది. అంటే ఊళ్ళో ఉన్న ఒక్క బండీ ముందుగా ఆ పిల్లను వదిలేసి పోవాలన్నమాట. రాంచీ నుంచి వచ్చిన మా డ్రైవరు ఇంజను తిప్పగానే అత్త జీపుకి అడ్డం నిలబడింది.

"పారిపోతన్నావేటి బాబూ?"

"కొండెక్కితేనే మాట అందుతుంది అత్తా."

"అయితే నేనూ వత్తాను. నువ్వు తిరిగి రాపోతే నీ పీక నా సేతిలో ఉంటాది."

"బైఠో మౌసీ, జల్దీ!" అన్నాడు డ్రైవరు.

కొండమీద నేను పద్ధతి ప్రకారం మా బండి పేరు చెప్పి పిలిచాను. అవతల ఎవరో క్యాంపులవారీగా వర్షపాతం చదువుతున్నారు. ఆగమన్నారు. ఆగాను.

"ఏటంటన్నారు?"

"ఆగమంటున్నారు."

"పురుడాగుతాదేటి?" అంటూ నా చేతిలోని మైకు లాక్కుని మీట నొక్కింది. "అరే భయ్యా! మేరీ బేటీ మర్ రహీ హై రే! వండూర్ కల్వర్టు పోయింది బాబూ, గాడీ భేజో! మీకు అప్పసెల్లెళ్ళు నేరేటి?"

ఆ మీట నొక్కి ఉంచినంతసేపూ ఇంకెవరి మాటా వినబడదు. వర్షపాతం చదవడం ఆగిపోయింది. విన్నవాళ్ళంతా వినాల్సిందే.

"వదులు అత్తా, వాళ్ళు జవాబు చెప్పాలి కదా!"

"వదిల్తే పారిపోతారు!"

ఏడుపుకి ఊపిరాడక వేలు సడలింది. తర్వాత ఎవరిదో మెత్తని గొంతు: "మౌసీ, గాడీ నికల్ చుకీ హై. ఆప్ నీచే జాయియే." ఆమె ఇంకా తిడుతుండగానే బండి బయల్దేరిందన్నమాట, ఇక కిందికి దిగమంటున్నారు.

పిల్లను మంచంతో సహా వాగు దాటించాం. మంచం కోడు నేను పట్టుకున్నానని అంటుంటాను, నిజానికి పట్టింది గొడుగు. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ దక్కింది. అత్త మర్నాడు నాకో సూర చేప ఇచ్చి, "నీ మిసను మంచిదే బాబూ, నువ్వే మెతక" అంది.

ఆమె పోయింది, డ్రైవరూ పోయాడు. కాలానికి నిజంతో పేచీ ఏమీ లేదు. ఎరిగినవాళ్ళను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, ఆఖరికి మిగిలినవాడు చెప్పిందే జరిగిందవుతుంది.