గోబర్ గ్యాసు డ్రమ్ము మీద నేను

మా వాడకట్టు మొత్తాన్ని ఆకాశానికి లేపబోయిన మనిషిని నేను. మీరు నవ్వుకోవచ్చు గానీ, ఆ రోజు నేను పడ్డ భయం సిద్దిపేటలో పగవాళ్ళకు కూడా రాకూడదు.

ఇప్పుడు రేడియో పెడితే చాలు, అడవులు పోతున్నాయి, పొగతో లోకం పాడవుతోంది, కట్టెలు కాల్చకండి అని ఒకటే చెప్పడం. ఆ మాట నేను ఏళ్ళ కిందటే విన్నాను. విని ఊరుకున్నానా? మా ఆయన వెంటపడి పెరట్లో గోబర్ గ్యాసు కట్టించాను. బావిలాంటి ఇటుకల గుంత, అందులో పేడనీళ్ళు, పైన బోర్లించిన ఇనుప డ్రమ్ము, దాని నుంచి వంటింటి పొయ్యి దాకా పైపు. దాని సంగతంతా, దగ్గరుండి కట్టించిన సర్కారు సారు విడమరిచి చెప్పాడట. ఆ సమయంలో నేను మిగిలిన ఇటుకలను ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నాను.

గ్యాసైతే వచ్చింది, వాడబుద్ధి కాలేదు. కొత్త చీర కట్టుకుని ఎవరైనా పేడ తీస్తారా? చుట్టాలు వచ్చినప్పుడు వాడదామని పైపు మర బిగించేసి, ఎప్పటిలాగే కట్టెల పొయ్యి ఊదుకున్నాను.

"ఇంట్ల గ్యాసు వెట్టుకొని పొగ మింగుడేందే?" అని మా అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఊకె వాడితె అయిపోదా అత్తమ్మా?"

అయిపోవడం మాట అటుంచి, డ్రమ్ము పాల పొంగులా పైకి లేవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే రేడియోలో, ఎక్కడో గ్యాసు పేలి ఇంటి కప్పు ఎగిరిపోయిందని చెప్పారు. నాకు ముద్ద దిగలేదు. పొద్దున లేస్తూనే డ్రమ్ము చూడటం, కిందటి రోజు కంటే ఇంకాస్త లేచి ఉండటం. మా ఆయనకు చెబుదామంటే, కట్టించమని పోరినదాన్ని నేనే కదా.

ఒక మధ్యాహ్నం ఇసుర్రాయి ఎత్తి డ్రమ్ము మీద పెట్టాను. కొంచెం దిగింది. నీళ్ళ బిందెలు పెట్టాను. ఇంకొంచెం దిగి, అంచుల నుంచి బుడబుడమని పేడ చిమ్మింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళవుతోంది. వాళ్ళు ఇంట్లోకి వచ్చాక పేలితే? ఇంకేం తోచక నేనే ఎక్కి కూర్చున్నాను.

"అత్తమ్మా, నువ్వు బయటికి పో. నేను దిగితె పేలుతది. పిల్లలొస్తె గడప తొక్కనియ్యకు."

అత్తమ్మ తన సందుక పెట్టెను చంకలో పెట్టుకుని వీధిలోకి పోయి, అక్కడి నుంచి అడిగింది. "నువ్వు పేలే ముందు కొట్టంల బర్లను ఇడ్సినవా?"

అప్పుడే మా ఆయన, గ్యాసు కట్టించిన సారు, దాన్ని చూసిపోదామని దుబ్బాక దిక్కు నుంచి వచ్చిన రైతులు లోపలికి వచ్చారు. నేను నెత్తిన కొంగు కప్పుకున్నాను. కిందికి మాత్రం దిగలేదు.

"గాడ ఎందుకు కూసున్నవే?" అన్నాడు మా ఆయన.

"లేస్తున్నదయ్యా. పేలుతది. మీరు పోన్రి."

సారు డ్రమ్మును చూశాడు, ఇసుర్రాయిని చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, పొయ్యి ఎన్నడు ముట్టిచ్చిన్రు?"

"ముట్టియ్యలె. సుట్టాల కోసం దాస్తున్న."

"దాస్తె పెరుగుడే కదమ్మా. లేసిందంటె నిండింది, ఇగ వండుకోమన్నట్టు. మీరు దాని నెత్తిన కూసున్నరు."

"లగ్గమైనప్పటి సంది నా నెత్తిన గూడ కూసున్నది సారూ," అన్నాడు మా ఆయన. "నేను పేలిన్నా?"

రైతులు తలలు పక్కకు తిప్పుకున్నారు. వాళ్ళ భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నేను దిగి, పొయ్యి ముట్టించాను. నీలం మంట మెత్తగా వచ్చింది. డ్రమ్ము దిగాలంటే గ్యాసు కాలాలన్నాడు సారు. ఇంకేముంది, వచ్చిన వాళ్ళందరికీ చాయ్. పేలుడు చూద్దామని గోడల మీదికి ఎక్కిన వాడకట్టుకు కూడా చాయ్. డ్రమ్ము వేలెడు దిగేసరికి నా చక్కెర డబ్బా అడుగంటింది. దానికంటే పేలిపోయినా బాగుండేదనిపించింది.

ఆ రోజు పేడ మరకల చీరతోనే తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. నాకు తెలియని దాని మీద ఇక బతికినంత కాలం కూర్చోను. అది ఢిల్లీలో పెద్దమనుషులు చేసే పని, వాళ్ళకే వదిలేశాను.