నేల తడితే వదిలెయ్యాలి

మొన్న మా మనవరాలు తన ఆత్మరక్షణ క్లాసు చూద్దువు రమ్మని నన్ను రాయ్‌పూర్‌లోనే తెలీబంధా చెరువు వైపు తీసుకెళ్లింది. ఇంట్లో చీపురు ముట్టుకోమంటే నడుం నొప్పి అనే పిల్ల, అక్కడ తనకన్నా ఎత్తున్న అబ్బాయిని బోర్లా పడేసి, చెయ్యి వీపు మీదికి మెలిపెట్టింది. నవ్వుకుంటూ చూస్తున్నాను. ఇంతలో ఆ అబ్బాయి అరచేత్తో చాపని టపటపా తట్టాడు. పిల్ల వెంటనే వదిలేసింది. ఇద్దరూ లేచి నవ్వుకున్నారు. నేను లేచి మంచినీళ్లు అడిగితే, ఎండ తగిలిందేమోనని పిల్ల కంగారుపడింది. ఎండ కాదు, మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

చిన్నాన్నంటే మా నాన్న తమ్ముడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మేమంతా రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఒకే క్వార్టర్లో ఉండేవాళ్లం. ఆ వరసంతా శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబాలే. చిన్నాన్న చిన్నప్పుడు ఊళ్లో కర్రసాము నేర్చాడు, ఇక్కడికొచ్చాక అఖాడాలో కుస్తీ పట్టాడు, తర్వాత యుద్ధానికి వెళ్లి, కత్తి పట్టినవాణ్ణి వట్టి చేతుల్తో ఎలా పడగొట్టాలో బర్మా అడవుల్లో నేర్చుకుని వచ్చాడు. తిరిగొచ్చాక గూడ్సు యార్డులో కాపలావాళ్లకి పెద్ద అయ్యాడు. వ్యాగన్లు పగలగొట్టి ధాన్యం ఎత్తుకుపోయే ముఠాలు ఎక్కువైన రోజులవి. కాపలావాళ్ల దగ్గర లాఠీ, లాంతరు తప్ప ఏమీ ఉండేవి కావు. అందుకని తనకొచ్చిన విద్యలన్నీ కలిపి వాళ్లకో పద్ధతి తయారుచేశాడు. అడుగు కర్రసాముది, పట్టు కుస్తీది, చివర్లో చెయ్యి మెలిపెట్టడం పటాలానిది. మా నాన్న దాన్ని కలగూరగంప అనేవాడు. అఖాడా ఉస్తాదైతే కుస్తీని మైలపరిచాడని చిన్నాన్నతో మాటలే మానేశాడు. చిన్నాన్న పట్టించుకోలేదు. "కత్తట్టుకొచ్చినోడు కాయిదా కట్టడీ సూసుకొని వొస్తాడేటి?" అనేవాడు.

క్వార్టర్ల వెనకాల సాధనకి గొయ్యి తవ్వి, తెలీబంధా చెరువు మట్టి బండి మీద తెప్పించి, జల్లించి, పసుపూ ఆవనూనే కలిపి పోశారు. సాయంత్రమయ్యేసరికి ఆ మట్టి వాసన, ఇంజన్ల బొగ్గు పొగ, మా అమ్మ పెట్టే ఇంగువ పోపు కలిసి, ఇదేం వంటో అని కొత్తవాళ్లు ముక్కు ఎగబీల్చేవారు. మొదట్లోనే ఒకతనికి మోచెయ్యి కీలు తప్పింది. దాంతో చిన్నాన్న ఒక కట్టడి పెట్టాడు. కిందపడ్డవాడు నేల తడితే పైవాడు ఆ క్షణమే వదలాలి. "నేల తడితే ఒగ్గీయాల, బస్. సోచాయించకూడదు. సెయ్యిరిగినోడు రేపు డూటీకి రాడు," అనేవాడు. చప్పుడు వినపడగానే, ఆలోచనతో పనిలేకుండా, చేతులు వాటంతటవే విడిపోవాలి. ఆలస్యం చేసినవాడితో గుంజీలు తీయించేవాడు.

మా అక్క మొగుడు కూడా ఆ యార్డులోనే కాపలా ఉండేవాడు. పెళ్లై ఏడాది తిరగలేదు. మా బావ మెత్తని మనిషి. చుట్టాలొచ్చి ఇంట్లో కోడిని కోస్తున్నారంటే చల్లగా వీధిలోకి జారుకునేవాడు. ఎవరో కాపలావాడి తల పగలగొట్టారని విన్నప్పటినుంచి అక్కకి నిద్ర లేదు. చిన్నాన్న వెంటపడింది. "నీ అల్లుణ్ణి కూడా గొయ్యిలోకి దించు సిన్నాన్నా. డూటీ దిగి ఇంటికొస్తే సాలు నాకు," అంది. "నీ మొగుణ్ణి నీ ఇంటికి పంపే పూచీ నాదే," అని చిన్నాన్న మాటిచ్చాడు. బావ శ్రద్ధగా నేర్చుకున్నాడు. పడెయ్యడంలో అంతంతమాత్రమే గానీ, వదలడంలో అతన్ని మించినవాడు లేడు. అవతలివాడి అరచెయ్యి మట్టికి తగిలీ తగలకముందే వదిలేసేవాడు. వదలడమంటే అలా ఉండాలని చిన్నాన్న అందరికీ బావనే చూపించేవాడు.

వానాకాలం ఒక సాయంత్రం, వ్యాగన్ల చాటున ఒకడు బావ మీదికి కత్తి తీశాడు. బావ నేర్పింది నేర్పినట్టు చేశాడట. పక్కకి అడుగు వేశాడు, మణికట్టు దొరకబుచ్చుకున్నాడు, కాలు అడ్డం పెట్టి బోర్లా పడేశాడు, చెయ్యి మెలిపెట్టాడు. కత్తి జారి కంకర మీద పడింది. ఇదంతా లాంతరు పట్టుకుని పరిగెత్తుకొస్తున్న ఇంకో కాపలావాడు చూశాడు. నొప్పికి ఓర్వలేక ఆ దొంగ రెండో చేత్తో నేలని బాదాడు. వాడికి మా గొయ్యి సంగతి, కట్టడి సంగతి ఏం తెలుసు? బావ చేతులు మాత్రం విడిపోయాయి. దొంగ కత్తి అందుకున్నాడు.

తెల్లారేదాకా ఆసుపత్రిలో ప్రాణంతో ఉన్నాడు బావ. "ఎందుకొగ్గీసినానో నాకే తెల్దే," అన్నాడట అక్కతో. గుమ్మంలో నిలబడ్డ చిన్నాన్న ఆ మాట విన్నాడు. లోపలికి వచ్చి, "నాను నేర్పిందే సేసినాడమ్మా," అన్నాడు. అక్క తలెత్తి చూడలేదు.

అక్క మా ఇంటికి వచ్చేసింది. చిన్నాన్న ఆ గొయ్యిని పూడ్చలేదు, వానకి వదిలేశాడు. పసుపు నీళ్లు క్వార్టర్ల ముందునుంచి కాలవ కట్టి పోయాయి. ఆయన మళ్లీ ఎవరికీ ఏమీ నేర్పలేదు. అక్క ఆయన కంచంలో అన్నం వడ్డించేది, జ్వరమొస్తే కషాయం కాచిచ్చేది, మాట మాత్రం ఆడేది కాదు. తిట్టినా బాగుండేది. ఒకే కప్పు కింద అలా ఏళ్లు గడిచాయి. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది, ఇద్దర్నీ చూస్తే ఏడుపూ వచ్చేది.

చిన్నాన్న పోయిన మధ్యాహ్నం అక్కే పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆయనకి మాట పడిపోయింది. కాసేపటికి రెండో చెయ్యి మెల్లగా లేచి మంచం పట్టె మీద తట్టింది. ఆగి, మళ్లీ తట్టింది. ఇక వదిలెయ్యమంటున్నాడని గదిలో అందరికీ తెలిసిపోయింది. అందరం అక్క వైపు చూశాం. అక్క తను పట్టుకున్న చేతిని రెండు చేతులతోనూ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఒగ్గను సిన్నాన్నా," అంది.

ఇప్పుడు అక్కా లేదు. మాట్లాడుకోవాల్సిన ఏళ్లన్నీ మా ఇంట్లో ఊరికే గడిచిపోయాయి. చివరికి వాళ్లిద్దరికీ మిగిలింది ఆ ఒక్క మాటకి సరిపడా కాలమే.